ఏకాంతవాసం

ఊరిని, కుటుంబాన్ని, మనుషుల రాకపోకలను తనంత తాను వదులుకొని, చాలా ఏళ్లు గానీ జీవితాంతం గానీ ఒంటరిగా గడపడమే ఏకాంతవాసం. దానికి చోటు కొండగుహ కావచ్చు, అడవి, ఎడారి, చర్చి గోడకు ఆనించి కట్టిన గది, నగరంలో తలుపు వేసుకున్న పడకగది కావచ్చు. కారణాలూ అనేకం. మోక్షం కోసం వెళ్లినవారున్నారు, రాజుగారి కొలువు రోసి వెళ్లినవారున్నారు, ప్రాణభయంతో పారిపోయినవారున్నారు, ఏ కారణమూ చెప్పలేనివారూ ఉన్నారు. తోడు లేక ఒంటరిగా మిగిలిపోయినవారు, శిక్షగా ఒంటరి గదిలో పడినవారు ఈ నిర్వచనంలోకి రారు. అయినా మనిషి మీద ఏకాంతం చేసే పని ఏమిటో వారి అనుభవం కూడా చెబుతుంది కాబట్టి వారి ప్రస్తావన తర్వాత వస్తుంది.

ఏకాంతవాసుల చరిత్రలు ఎక్కువగా వారి సాధనను, మహిమలను చెబుతాయి. తిండి గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి. నిజానికి ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఒకటి రెండు వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి. రొట్టె ఎవరు తెచ్చారు? గుహ ఎవరిది? జ్వరం వస్తే ఎవరు చూశారు? ఈ ప్రశ్నలు వేసుకుంటూ వెళితే, ఏకాంతవాసం పది కాలాలు నిలిచిన ప్రతిచోటా దాని వెనక ఒక ఊరో, మఠమో, ఒక అవ్వో కనిపిస్తారు. ఊరు ఒప్పుకొని మోసిన ఏకాంతానికి, ఊరితో ఏ ఒప్పందమూ లేని ఏకాంతానికి ఉన్న తేడా చాలా పెద్దది.

ఈజిప్టు ఎడారి

క్రైస్తవ ఏకాంతవాసానికి ఆది పురుషుడిగా చెప్పుకునే అంతోనీ సుమారు 251లో మధ్య ఈజిప్టులో, కాస్త భూవసతి ఉన్న రైతు కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులు పోయినప్పుడు ఇరవై ఏళ్లవాడు. పొలాలు ఊరివాళ్లకు ఇచ్చేశాడు, చెల్లెలిని నమ్మకమైన కన్యల సంరక్షణలో ఉంచాడు. మొదట ఊరి పొలిమేరలో, ఆ తర్వాత ఒక సమాధి గదిలో, ఆపైన నైలు నదికి తూర్పున పాడుబడిన కోటలో ఉన్నాడు. ఆ కోటలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఏడాదికి రెండుసార్లు రొట్టెలు పైకప్పు మీదుగా లోపలికి జారవిడిచేవారు. అవి ఆరు నెలలు నిలవ ఉండేలా ఎండబెట్టిన రొట్టెలు. కోట నుంచి బయటికి వచ్చాక ఆయన చుట్టూ శిష్యులు పోగయ్యారు. వారి తాకిడి తట్టుకోలేక ఎర్ర సముద్రం వైపు కొండల్లోకి ఇంకా లోపలికి వెళ్లాడు. తన కోసం ఇతరులు అంత దూరం రొట్టె మోయడం ఇష్టం లేక అక్కడ కాస్త నేల దున్ని గోధుమ వేశాడు. వచ్చినవారి కోసం కూరగాయలూ పండించాడు. 356లో, నూట అయిదేళ్ల వయసులో పోయాడని ఆయన చరిత్ర రాసిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ చెప్పాడు. ఆ పుస్తకం చదివి మధ్యధరా సముద్రం చుట్టూ ఎందరో ఎడారిబాట పట్టారు.

నాలుగో శతాబ్దం గడిచేకొద్దీ నైలు డెల్టాకు పడమర ఉన్న నిత్రియా, కెల్లియా, స్కేతిస్ ఎడారులు ఏకాంతవాసులతో నిండిపోయాయి. వీటిలో కెల్లియా కట్టుబాటు గమనించదగ్గది. ఒక గది నుంచి ఇంకో గదికి మాట వినపడనంత ఎడంగా గదులు కట్టుకునేవారు. అయిదు రోజులు ఎవరికి వారే. శనివారం, ఆదివారం మాత్రం అందరూ ఒకే చర్చికి వచ్చి కలిసి పూజ చేసి, కలిసి తినేవారు. ఎవరైనా రాకపోతే జబ్బు చేసిందని గ్రహించి వెళ్లి చూసేవారు. చేతి పని తప్పనిసరి. ఈతాకులు నానబెట్టి తాళ్లు పేనడం, బుట్టలు, చాపలు అల్లడం వారి వృత్తి. ఆ సరుకు ఊళ్లలో అమ్మించి రొట్టె, ఉప్పు, నూనె తెప్పించుకునేవారు. కోతల కాలంలో కొందరు కూలికి కూడా వెళ్లేవారు. 1960ల నుంచి జరిగిన తవ్వకాల్లో కెల్లియాలో సుమారు 1500 నివాసాల ఆనవాళ్లు బయటపడ్డాయి. తర్వాతి శతాబ్దాల నాటికి వాటిలో బావులు, పెరళ్లు, రంగులు వేసిన ప్రార్థన గదులు ఉండేవి.

ఎడారిలో ఆడవాళ్లూ ఉన్నారు. అలెగ్జాండ్రియా బయట సమాధి గదిలో ఉన్న సింక్లెటికా, నది ఒడ్డున ఏళ్ల తరబడి గడిపిన సారా మాటలను మగ సన్యాసుల మాటలతో సమానంగా భద్రపరిచారు.

అదే కాలంలో పకోమియస్ నైలు ఒడ్డున తబెన్నిసి దగ్గర మరో పద్ధతి మొదలుపెట్టాడు. ఒకే ప్రహరీ, ఒకే వంటశాల, ఒకే నియమావళి. ఒంటరిగా ఉండలేక చెడిపోయినవారిని చూసే ఆయన ఈ దారి ఎంచుకున్నాడు. పాశ్చాత్య మఠాలకు మూలం ఈ ఉమ్మడి జీవితమే.

సిరియాలో సిమియోను అనే సన్యాసి జనం తాకిడి తప్పించుకోవడానికి స్తంభం ఎక్కాడు. క్రమంగా స్తంభం ఎత్తు పెంచుకుంటూ 459లో చనిపోయేదాకా 37 ఏళ్లు దాని మీదే ఉన్నాడు. జనం తగ్గలేదు సరికదా, ఆయన్ని చూడడానికి దేశదేశాల నుంచి వచ్చారు. భూమి తగాదాలకు, పన్నుల గోడుకు ఆయన తీర్పు అడిగారు. ఊరితో బంధుత్వం లేనివాడు, ఎవరి పక్షమూ కానివాడు కాబట్టే ఆ తీర్పుకు విలువ వచ్చింది. అలెప్పో సమీపంలో ఆ స్తంభం చుట్టూ కట్టిన పెద్ద చర్చి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

గోడలో బతికినవారు

మధ్యయుగపు ఐరోపాలో, ముఖ్యంగా ఇంగ్లండులో, ఏకాంతవాసం ఊరి నడిబొడ్డుకు వచ్చింది. చర్చి గోడకు ఆనించి ఒక చిన్న గది కట్టేవారు. అందులో ప్రవేశించే మనిషికి, ఎక్కువసార్లు ఆమె స్త్రీ, చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలు చదివి, తలుపు మూసేవారు. ఇక ఆమె బయటికి వచ్చేది లేదు. గదికి సాధారణంగా మూడు కిటికీలు ఉండేవి. ఒకటి చర్చి లోపలికి, పూజ చూడడానికి. ఒకటి పనిమనిషి వైపు, భోజనం అందుకోవడానికి, మురుగు బయటికి పంపడానికి. మూడోది వీధి వైపు, నల్లటి తెర వేసి. ఆ తెర అవతల నిలబడి ఊరివాళ్లు తమ కష్టం చెప్పుకునేవారు.

ఈ ఏర్పాటులో అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన బిషప్పు అనుమతి. కోరినవారి మనసు స్థిరమైనదేనా అని విచారించేవారు. అంతకంటే ముందు, ఆమె చనిపోయేదాకా తిండికి, బట్టకు, పనిమనిషి జీతానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తేల్చేవారు. అది తేలకపోతే తలుపు మూసేవారు కాదు. వ్యాపారులు, ప్రభువులు తమ వీలునామాల్లో ఊరి ఏకాంతవాసినికి కొంత సొమ్ము రాసేవారు. పదమూడో శతాబ్దంలో ఇలాంటి స్త్రీల కోసం ఆంగ్లంలో రాసిన ఒక నియమాల పుస్తకం ఆవును పెంచవద్దంటుంది. ఆవు ఉంటే మేత గురించి, కట్టు తెంచుకొని పోతే జరిమానా గురించి ఊరివాళ్లతో తగాదా తప్పదు. పిల్లిని మాత్రం ఉంచుకోవచ్చు. ఇంత వివరంగా ఆలోచించారంటే, ఆ స్త్రీల ఏకాంతాన్ని కాపాడడం తమ పని అని ఆ సమాజం అనుకొంది.

వీరిలో ప్రసిద్ధురాలు నార్విచ్ నగరపు జూలియన్. 1373 మేలో, ముప్ఫై ఏళ్ల వయసులో ప్రాణం మీదికి వచ్చిన జబ్బులో ఆమెకు కొన్ని దర్శనాలు కలిగాయి. వాటి అర్థాన్ని దశాబ్దాలపాటు ఆలోచిస్తూ రాసిన పుస్తకం, రచయిత్రి ఫలానా అని తెలిసిన ఆంగ్ల గ్రంథాల్లో మొదటిది. ఆమె అసలు పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. తానున్న చర్చి పేరే ఆమెకు నిలిచింది. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు రాజు మఠాలను రద్దు చేయడంతో ఈ సంప్రదాయం అక్కడ అంతరించింది.

ఇంకో దారి 1084లో బ్రూనో ఫ్రాన్సులోని గ్రనోబుల్ దగ్గర కొండల్లో మొదలుపెట్టిన కార్తూసియన్ మఠం. ఒక్కో సన్యాసికి ఒక్కో చిన్న ఇల్లు, దానికి చిన్న తోట, పని చేసుకోవడానికి ఒక గది. భోజనం గోడలోని గూటిలో పెట్టి వెళతారు. వంట, పొలం, కట్టెలు చూసుకోవడానికి వేరే సహోదరులు ఉంటారు. వారానికి ఒక్కసారి అందరూ కలిసి నడకకు వెళతారు. ఆ నడకలో మాట్లాడుకోవచ్చు. తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఈ పద్ధతి పెద్దగా మారలేదు. జర్మన్ దర్శకుడు ఫిలిప్ గ్రోనింగ్ అక్కడ చిత్రీకరణకు 1984లో అనుమతి అడిగితే, పదహారేళ్ల తర్వాత సరేనన్నారు. ఆ సినిమా 2005లో వచ్చింది.

గ్రీసులోని ఆథోస్ కొండ దక్షిణపు కొసన నిటారు రాళ్లకు వేలాడుతున్నట్టుండే గుడిసెల్లో ఇప్పటికీ సన్యాసులు ఉంటారు. తాడుకు కట్టిన బుట్టను కిందికి దింపితే పడవవాళ్లు అందులో సరుకు వేసేవారు. ఆ చోటికి కరూలియా అనే పేరు ఆ కప్పీల వల్లే వచ్చింది.

భారతదేశం: ఎనిమిది ముద్దలు

వానప్రస్థుడి గురించి మనుస్మృతి ఆరో అధ్యాయం చెప్పే నియమాలు కఠినమైనవి. తల నెరిసి, ఒళ్లు ముడతలు పడి, మనవడి ముఖం చూశాక గృహస్థు అడవికి వెళ్లాలి. భార్యను వెంట తీసుకెళ్లవచ్చు, కొడుకులకు అప్పగించీ వెళ్లవచ్చు. నాగలి దున్నిన నేలలో పండినది ఎవరు పారేసినా ముట్టకూడదు. ఇక్కడిదాకా చూస్తే ఊరితో తెగతెంపులే. కానీ అదే అధ్యాయంలో కొంత ముందుకు వెళితే, అడవిలో ఉంటూనే ఊరి నుంచి ఎనిమిది ముద్దలు తెచ్చుకొని తినవచ్చన్న వెసులుబాటు ఉంది. సన్యాసికి మరో నియమం చెప్పారు. వంటింట్లో పొగ ఆగాక, రోకలి చప్పుడు అణిగాక, ఇంటివాళ్లు తిన్నాక మాత్రమే భిక్షకు వెళ్లాలి. ఇల్లాలికి భారం కాకుండా అడుక్కోవడం ఎలాగో ఇంత సున్నితంగా చెప్పిన నియమం మరోచోట అరుదు. వాస్తవంగా ఎందరు వానప్రస్థులయ్యారన్నది వేరే ప్రశ్న. కలియుగంలో అది తగదన్న ధర్మశాస్త్రకారులూ ఉన్నారు. కథల్లో మాత్రం ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవికి వెళ్లి కార్చిచ్చులో దగ్ధమైన ఘట్టాన్ని తిక్కన ద్వారా తెలుగువాళ్లు బాగా ఎరుగుదురు.

బౌద్ధ భిక్షువు వండుకోకూడదు, మర్నాటికి దాచుకోకూడదు. కాబట్టి ఎంత అడవిలో ఉన్నా పొద్దున నడిచి వెళ్లి భిక్ష తెచ్చుకోగల దూరంలో ఊరు ఉండాల్సిందే. బుద్ధుడు ఈ నియమంతో ఏకాంతాన్ని ఊరికి కట్టిపడేశాడనిపిస్తుంది. వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండాలన్న నియమం వల్ల కొండల్లో తొలిచిన గదులు అవసరమయ్యాయి. ఏలూరు జిల్లా గుంటుపల్లి, అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ అలాంటి సంఘాలవే.

రాజులు కూడా ఈ భారం పంచుకున్నారు. బిహారులో గయకు ఉత్తరాన ఉన్న బరాబర్ కొండల్లో అశోకుడు తన పాలన పన్నెండో ఏట ఆజీవకులకు గుహలు ఇచ్చినట్టు బ్రాహ్మీ శాసనాలు ఉన్నాయి. గట్టి నల్లరాతిని తొలిచి, లోపలి గోడలను అద్దంలా నునుపు చేశారు. బౌద్ధుడైన రాజు వేరే మార్గపు దిగంబర సన్యాసులకు ఇంత ఖరీదైన మౌనాన్ని కట్టించి ఇచ్చాడు. తర్వాత ఎవరో ఆ శాసనాల్లో కొన్నిచోట్ల ఆజీవకుల పేరును ఉలితో చెక్కేశారు.

తెలుగు నేల మీద గుహవాసపు జ్ఞాపకాలు ఎక్కువగా సంప్రదాయ కథల్లో ఉన్నాయి. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట గోవులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని చెబుతారు. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని, ఊళ్లో ఆక్షేపణలు ఎదుర్కొని తిరుమల చేరింది. తుంబురుకోనలో ఆమె ఏళ్ల తరబడి ఏకాంతంగా తపస్సు చేసిందని స్థానిక చరిత్ర. ఈరోజు తిరుమలలో భక్తులకు ఉచిత భోజనం పెట్టే భవనానికి ఆమె పేరే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేరళ నుంచి వచ్చిన మలయాళ స్వామి తిరుమల కొండల్లో గోగర్భం దగ్గర తపస్సు చేసి, 1926లో ఏర్పేడు సమీపంలో వ్యాసాశ్రమం స్థాపించాడు. కులం వల్ల వేదానికి, సంస్కృతానికి దూరంగా ఉంచినవారికి అవి నేర్పడం ఆ ఆశ్రమం పెట్టుకున్న పని. కొండ మీది తపస్సు అలా కొండ కింది బడిగా మారింది.

ఏకాంతవాసి చుట్టూ జనం ఎలా పోగవుతారో చెప్పడానికి రమణ మహర్షి జీవితం కంటే తేటైన ఉదాహరణ దొరకదు. 1896 సెప్టెంబరు 1న పదహారేళ్ల వెంకటరామన్ ఇంట్లో చెప్పకుండా తిరువణ్ణామలై చేరాడు. గుడిలోని పాతాళలింగం గదిలో ఒళ్లు తెలియకుండా కూర్చుంటే పురుగులు తొడలు తినేశాయి. చూసినవాళ్లు ఎత్తుకొచ్చి బయట కూర్చోబెట్టారు, నోట్లో అన్నం పెట్టి బతికించారు. పళనిస్వామి అనే కేరళ సాధకుడు నీడలా వెంట ఉండి సేవ చేశాడు. 1899 నుంచి 1916 దాకా అరుణాచలం మీది విరూపాక్ష గుహలో ఉన్నారు. భర్తను, బిడ్డలను పోగొట్టుకున్న ఎచ్చమ్మాళ్ 1907 నుంచి తన జీవితాంతం రోజూ ఆయనకు భోజనం తెచ్చింది. ఆ కొండకు బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతిముని వెళ్లి, 1907లో ఆ మౌనిని రమణ మహర్షి అని లోకానికి పరిచయం చేశాడు. కన్నతల్లి వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయి వంట మొదలుపెట్టింది. 1922లో ఆమె పోయాక సమాధి దగ్గర వెలసినదే రమణాశ్రమం. అక్కడి చివరి సంవత్సరాలను సూరి నాగమ్మ తెలుగు లేఖల్లో రోజువారీగా నమోదు చేసింది. 1950లో మహర్షి పోయిన సంవత్సరమే రచయిత చలం విజయవాడ వదిలి ఆ కొండ కిందికి మకాం మార్చాడు. 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

టిబెట్టు బౌద్ధంలో మూడేళ్ల మూడు నెలల మూడు రోజుల ఏకాంత దీక్ష ఇప్పటికీ నడుస్తున్న సంప్రదాయం. ఇంగ్లండులో 1943లో పుట్టిన తెన్జిన్ పామో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో, సుమారు 13,200 అడుగుల ఎత్తున ఒక గుహలో 1976 నుంచి 1988 దాకా పన్నెండేళ్లు ఉంది. వేసవిలో కింది ఊరివాళ్లు సరుకులు మోసుకొచ్చేవారు. ఆమె గుహ ముందు బంగాళాదుంపలు, ముల్లంగి జాతి దుంపలు పండించింది. చివరి మూడేళ్ల కఠిన దీక్ష పూర్తికాకముందే, వీసా గడువు విషయంలో పోలీసు వచ్చి తలుపు తట్టడంతో అది ముగిసింది. ఆ తర్వాత ఆమె గుహకు తిరిగి వెళ్లలేదు. పేద హిమాలయ గ్రామాల ఆడపిల్లలు చదువుకొని సన్యాసినులయ్యేందుకు కాంగ్డా లోయలో మఠం కట్టించింది.

ఇస్లాంలో హిరా గుహ జ్ఞాపకం ఉంది. ప్రవక్త అక్కడ ఏకాంతంగా గడుపుతూ, తీసుకెళ్లిన ఆహారం అయిపోయినప్పుడు ఖదీజా దగ్గరికి వచ్చి మళ్లీ తీసుకెళ్లేవారని హదీసులు చెబుతాయి. సూఫీలు నలభై రోజుల ఏకాంతాన్ని చిల్లా అంటారు. దక్కనులో సూఫీలు అలా గడిపారని చెప్పే చిల్లాలు నేటికీ దర్శన స్థలాలే. నక్ష్‌బందీ శాఖ గుహనే వద్దంది. సంతలో నిలబడి కూడా మనసును ఏకాంతంగా ఉంచుకోమని వారి బోధ.

కొలువు వదిలినవారు

చైనాలో ఏకాంతవాసం చాలావరకు రాజకీయ నిరసన. అవినీతి ప్రభుత్వంలో పని చేయనన్న విద్యావంతుడు కొండకు వెళ్లడం గౌరవప్రదమైన మార్గం. కవి తావో యువాన్‌మింగ్ 405లో చిన్న సర్కారు ఉద్యోగం వదిలి సొంత పొలానికి వెళ్లిపోయాడు. తాంగ్ వంశం నాటికి ఇందులో ఓ మెలిక వచ్చింది. రాజధాని పక్కనున్న జోంగ్‌నాన్ కొండల్లో సాధువుగా పేరు తెచ్చుకుంటే చక్రవర్తి నుంచి పిలుపు వస్తుందని కొందరు కనిపెట్టారు. ఉద్యోగానికి జోంగ్‌నాన్ అడ్డదారి అనే నానుడి నేటికీ ఉంది. ఆ కొండల్లో నిజమైన సాధకులు నేటికీ ఉన్నారు.

జపానులో కామో నో చోమెయ్ క్యోటో దగ్గర కొండల్లో పదడుగుల చదరపు గుడిసె కట్టుకొని 1212లో తన జీవితం గురించి చిన్న గ్రంథం రాశాడు. అగ్నిప్రమాదం, సుడిగాలి, కరువు, భూకంపం నగరాన్ని ఎలా నాశనం చేశాయో కళ్లారా చూసినవాడు ఆయన. అందుకే విప్పి రెండు బండ్ల మీద వేసుకొని పోగలిగేలా ఇల్లు కట్టుకున్నాడు. అమెరికన్ రచయిత థోరో 1845 జులై 4 నుంచి రెండేళ్లకు పైగా వాల్డెన్ చెరువు దగ్గర ఉన్న గుడిసె మిత్రుడు ఎమర్సన్ స్థలంలోనిది. ఊరు మైలున్నర దూరమే, ఆయన తరచూ వెళ్లి వచ్చేవాడు. దీన్ని పట్టుకొని థోరోను వెక్కిరించేవారు ఉన్నారు. అంతోనీ నుంచి రమణుల దాకా చూశాక ఆ వెక్కిరింత అన్యాయమని తెలుస్తుంది. ఊరికి దగ్గరగా ఉండడం ఏకాంతవాసపు లోపం కాదు, అది నిలవడానికి ఆధారం.

ఊరు లేని ఏకాంతం

1978 వేసవిలో దక్షిణ సైబీరియాలో అబకాన్ నది ఎగువన హెలికాప్టర్‌లో వెళుతున్న భూగర్భ శాస్త్రవేత్తలకు అడవి మధ్య సాళ్లు తీసిన తోట కనిపించింది. దగ్గరి ఊరు 250 కిలోమీటర్ల దూరం. అక్కడ లైకోవ్ కుటుంబం ఉంది. వారు పదిహేడో శతాబ్దపు మత సంస్కరణలను ఒప్పుకోని పాత విశ్వాసుల శాఖవారు. 1936లో సోవియట్ గస్తీదళం తన సోదరుణ్ణి కాల్చి చంపాక, కార్ప్ లైకోవ్ భార్య అకులీనాను, ఇద్దరు పిల్లలను తీసుకొని అడవిలోకి వెళ్లిపోయాడు. అక్కడ మరో ఇద్దరు పుట్టారు. నలభై రెండేళ్లపాటు వారికి బయటి మనుషులతో సంబంధం లేదు. రెండో ప్రపంచయుద్ధం జరిగిందనే తెలియదు. వెంట తెచ్చిన ఇనుప పాత్రలు తుప్పుపట్టి పోతే బర్చ్ చెట్టు బెరడుతో చేసుకున్నారు, కానీ అవి పొయ్యి మీద నిలవవు. బట్టలు జనుములాంటి నారతో నేసుకున్నవి. ప్రధాన ఆహారం బంగాళాదుంప.

1961 జూన్‌లో మంచు పడి తోట మొత్తం పోయింది. చెప్పులు, చెట్ల బెరడు తిన్నారు. పిల్లలకు తిండి ఉంచడానికి తాను మానేసిన అకులీనా ఆకలితో చనిపోయింది. మరుసటేడు బఠానీల మధ్య ఒకే ఒక్క రై మొక్క మొలిచింది. ఎలుకలు, ఉడతలు రాకుండా రాత్రింబవళ్లు కాపలా కాసి, దాని గింజలతో మళ్లీ పంట నిలబెట్టుకున్నారు. కెల్లియాలో పంట లేకపోతే బుట్టలమ్మి రొట్టె తెచ్చుకునే వీలుంది. లైకోవులకు ఆ వీలు లేదు. శాస్త్రవేత్తలు ఇవ్వబోయిన వస్తువుల్లో ఆ కుటుంబం మొదట తీసుకున్నది ఉప్పు ఒక్కటే. 1981లో నలుగురు పిల్లల్లో ముగ్గురు కొద్ది వారాల తేడాలో చనిపోయారు. 1988లో తండ్రి పోయాడు. చిన్నకూతురు అగాఫియా మాత్రం బంధువుల ఊరికి వెళ్లి ఉండలేక తిరిగి వచ్చింది. 2021లో దాతల సాయంతో ఆమెకు అక్కడే కొత్త ఇల్లు కట్టించారు. సరుకులు ఇప్పుడు హెలికాప్టర్‌లోనో పడవలోనో వెళతాయి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇరవై ఏళ్ల యువకుడు 1986లో అడవిలోకి నడిచి వెళ్లి 27 ఏళ్లు డేరాలో ఉన్నాడు. పొగ కనిపిస్తుందని చలికాలంలో కూడా మంట వేయలేదు. తిండి, గ్యాసు బండలు, పుస్తకాలు చుట్టుపక్కల విడిది ఇళ్లలోంచి దొంగిలించేవాడు. అలా వెయ్యి దొంగతనాల దాకా చేసి 2013లో దొరికాడు. ఆయన్ని తత్వవేత్తగా పొగిడినవాళ్లున్నారు. ఏళ్లపాటు తలుపులకు తాళాలు మార్చుకుంటూ భయంతో బతికిన ఆ ఇళ్లవాళ్ల వైపు నుంచి చూస్తే కథ వేరు. ఊరు ఇవ్వని ముద్ద ఆయన తీసుకున్నాడు.

బ్రెజిల్ రొండోనియాలో తన తెగ మొత్తాన్ని భూకబ్జాదారుల దాడుల్లో పోగొట్టుకున్న ఒక ఆదివాసీ పాతికేళ్లకు పైగా అడవిలో ఒంటరిగా బతికాడు. ప్రభుత్వ సంస్థ ఆయన దారిలో పనిముట్లు, విత్తనాలు పెట్టి దూరంగా ఉండిపోయింది. 2022 ఆగస్టులో ఉయ్యాల పడకలో చనిపోయి కనిపించాడు. ఆయన పేరు గానీ భాష గానీ ఎవరికీ తెలియదు. దీన్ని ఏకాంతవాసం అనడానికి నోరు రాదు.

మనసు మీద

ఏకాంతం మనసును ఏం చేస్తుందో మొదట శ్రద్ధగా రాసినవాడు కెల్లియాలో ఉన్న ఎవాగ్రియస్. ఆయన 399లో చనిపోయాడు. పొద్దెక్కే వేళ నుంచి మధ్యాహ్నం దాటేదాకా సాధకుణ్ణి పట్టే ఒక విసుగు గురించి ఆయన వివరంగా చెప్పాడు. సూర్యుడు కదలడు. మాటిమాటికీ కిటికీలోంచి చూడబుద్ధేస్తుంది. ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూపు. ఈ చోటు మంచిది కాదు, ఇక్కడివారికి ప్రేమ లేదు, వేరేచోట అయితే సాధన బాగా సాగుతుంది అనే ఆలోచనలు. దానికి ఆయన చెప్పిన మందు గది వదలకపోవడం, చేతిపని మానకపోవడం.

ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్ 1962లో ఆల్ప్స్ కొండల గుహలో గడియారం లేకుండా రెండు నెలలు ఉన్నాడు. పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పైనున్న బృందానికి ఫోన్ చేసేవాడు, వాళ్లు మాత్రం వేళ చెప్పేవారు కాదు. సెప్టెంబరు 14న బయటికి తెచ్చేసరికి ఆయన లెక్కలో ఇంకా ఆగస్టు 20. వెలుగు, మనుషులు లేకపోతే కాలం లెక్క ఎలా తప్పుతుందో చూపిన ఈ ప్రయోగం శరీర గడియారం పరిశోధనలకు దోహదం చేసింది.

ఇదే ఏకాంతాన్ని శిక్షగా మార్చినప్పుడు ఫలితం భయంకరం. 1829లో ఫిలడెల్ఫియాలో తెరిచిన జైలులో ఒక్కో ఖైదీని ఒక్కో గదిలో పెట్టారు. మఠంలోలాగే ఒంటరిగా ఉంటే పశ్చాత్తాపం కలుగుతుందని ఆశించారు. ఆ జైలును 1842లో చూసిన ఆంగ్ల నవలాకారుడు డికెన్స్, ఒంటిని హింసించడం కంటే ఇది ఘోరమని తీవ్రంగా విమర్శించాడు. భారత శిక్షాస్మృతిలో ఏకాంత ఖైదు ఒక్కో విడతకు 14 రోజులు, మొత్తం మీద మూడు నెలలు దాటకూడదని పరిమితి ఉండేది. 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోనూ అది కొనసాగింది. 15 రోజులు మించిన ఏకాంత ఖైదును ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు నిషేధిస్తాయి. పన్నెండేళ్లు గుహలో ఉండి నవ్వుతూ వచ్చిన మనిషికీ, రెండు వారాలకే మతి చెదిరే ఖైదీకీ మధ్య తేడా మనోబలం ఒక్కటే కాదు. వెళ్లాలనుకుంటే వెళ్లిపోగలగడం, కింద ఎవరో తన మేలు కోరుతున్నారని తెలియడం గుహలో ఉన్నాయి, జైలు గదిలో లేవు.

మూసిన గది

1990ల నుంచి జపాను మరో రకం ఏకాంతవాసంతో తలపడుతోంది. యువకులు బడి, ఉద్యోగం మాని నెలల తరబడి, ఏళ్ల తరబడి తమ గది దాటి రారు. మనోవైద్యుడు సైతో తమాకి 1998లో రాసిన పుస్తకంతో హికికొమోరి అన్న పేరు అందరికీ తెలిసింది. ఆరు నెలలకు పైగా ఇలా ఉంటే ఆ లెక్కలోకి వస్తారు. ప్రభుత్వం 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం 15 నుంచి 64 ఏళ్లవారిలో సుమారు 14.6 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారు. వీరికి దీక్ష లేదు, గురువు లేడు, శని ఆదివారాల చర్చి లేదు. తలుపు బయట భోజనం పళ్లెం పెట్టే తల్లి మాత్రం ఉంది. సిగ్గుతో ఆ ఇల్లు కూడా ఊరికి మొహం చాటేస్తుంది కాబట్టి బరువంతా ఆ ఒక్క మనిషి మీద పడుతుంది. కెల్లియాలో వందలమంది పంచుకున్న పని అది. ఎనభై ఏళ్ల తల్లిదండ్రులు యాభై ఏళ్ల బిడ్డను పోషించే ఈ ఇళ్ల దుస్థితికి అక్కడ 8050 సమస్య అని పేరు.

అకిత ప్రాంతంలోని ఫుజిసాతో చిన్న పల్లె పట్టణం. అక్కడి సంక్షేమ మండలి ఇంటింటికీ తిరిగి ఇలాంటివారు 113 మంది ఉన్నట్టు తేల్చింది. మొదట ఆటపాటల కార్యక్రమాలకు పిలిచారు, ఎవరూ రాలేదు. తర్వాత వృద్ధుల ఇళ్లకు వెళ్లి సాయం చేసే ఉద్యోగానికి శిక్షణ ఇస్తామని కరపత్రాలు పంచితే ఒక్కొక్కరే గదులు దాటి వచ్చారు. వారికి కావలసింది కాలక్షేపం కాదు, పని అని ఆ మండలికి అప్పుడు తెలిసింది. 2010లో వారికోసం ఒక కేంద్రం తెరిచి, అందులో నూడుల్స్ వడ్డించే భోజనశాల కూడా పెట్టారు. ఏళ్లుగా తలుపు దగ్గర పళ్లెం అందుకున్నవాళ్లలో కొందరు అక్కడ ఊరివాళ్లకు వండిపెట్టారు.